తూటా మెడకు ఎంత బిగింపు కావాలి?

కోఠి పక్కన ట్రూప్‌బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి క్రింపింగ్ టూల్ కావాలని అడిగినా, కౌంటర్ వెనకనుంచి ముందుగా వచ్చే మాట "దేనికి?" అనే. వైరు కొసకు లగ్గు బిగించడానికి ఒక రకం, ఇంటర్నెట్ కేబుల్‌కు ప్లగ్గు తొడగడానికి ఇంకో రకం, బోరు మోటారు లావుపాటి కేబుల్‌కైతే హైడ్రాలిక్‌ది. చేసే పని అన్నిటిదీ ఒకటే: లోహాన్ని నొక్కి, లోపలున్నది ఊడి రాకుండా చూడటం. అయినా దేనికో చెప్పకపోతే టూల్ చేతికి రాదు. జీనోమ్ వ్యాలీలో టీకా సీసాల మీద అల్యూమినియం మూత బిగించేదీ క్రింపింగే. కూల్‌డ్రింక్ సీసా మూత అంచున కనిపించే ముడతలూ అవే.

రైఫిల్ తూటాల క్రింపింగ్ మీద, అంటే గుండు ఊడకుండా ఇత్తడి కేస్ మూతి అంచును నొక్కి బిగించడం మీద, వాదన మొదలైతే మాత్రం "దేనికి?" అన్న ఆ ప్రశ్న ఎక్కడో జారిపోతుంది. క్రింప్ చేస్తే గురి కుదురుతుందని ఒకరు, చెడిపోతుందని ఇంకొకరు గంటల తరబడి వాదించుకుంటారు. తూటా ఏ రైఫిల్‌లోకి వెళ్తుంది, ఆ రైఫిల్ దాన్ని పేలకముందు ఎన్ని కుదుపులకు గురిచేస్తుంది అన్నది తేలకుండా ఈ వాదన తెగదు. క్రింప్ ప్రధానంగా గురికి సంబంధించిన ఏర్పాటు కాదు. రైఫిల్ యంత్రాంగం పెట్టే బాధలకు తూటా తరఫున చేసుకున్న ఏర్పాటు. గురి సంగతి ఆ తర్వాత వస్తుంది.

అమెరికాలో కాల్చిన తూటాల ఇత్తడి కేస్‌లు ఏరుకుని, ఇంట్లోనే ప్రెస్ మీద మళ్లీ నింపుకునే హ్యాండ్‌లోడింగ్ పాత అలవాటు. టెక్సాస్‌లాంటి చోట స్థిరపడిన తెలుగువాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఆ కబుర్లు ఇక్కడికీ వస్తుంటాయి. హైదరాబాద్‌లో మాత్రం అది గ్యారేజీలో చేసుకునే సరదా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం మందుగుండు అంటే నిండిన తూటా ఒక్కటే కాదు, దాని భాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ అందులోకే వస్తాయి. సెక్షన్ 5 ప్రకారం తయారీకి విడిగా లైసెన్స్ కావాలి. తుపాకీ లైసెన్స్ ఉంది కదా అంటే సరిపోదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తయారీకి శిక్ష కనీసం 7 ఏళ్ల జైలు. కాబట్టి ఇక్కడి షూటర్‌కు క్రింప్ అనేది చేతితో చేసే పని కాదు, ఫ్యాక్టరీ చేసి పంపినదాన్ని చూసి అర్థం చేసుకునే విషయం. అలా అర్థం చేసుకోవలసిన అవసరం చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువే ఉంది.

వాడుకలో తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. నిజానికి అందులో ఎగిరి వెళ్లేది ముందున్న గుండు ఒక్కటే. దాని వెనక ఇత్తడి కేస్, కేస్ లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్. కేస్ ఇత్తడిలో సాధారణంగా 70 శాతం రాగి, 30 శాతం జింకు. రైఫిల్ తూటా చాలావరకు సీసా ఆకారంలో ఉంటుంది: లావుపాటి ఒళ్లు, వాలుగా భుజం, సన్నని మెడ. ఆ మెడలో గుండు కూర్చుంటుంది.

గుండును పట్టి ఉంచేది ప్రధానంగా క్రింప్ అనుకుంటారు గానీ, అసలు పట్టు మెడదే. గుండు వ్యాసం కన్నా మెడ లోపలి వ్యాసాన్ని కొద్దిగా, మామూలుగా అంగుళంలో వెయ్యోవంతు నుంచి మూడు వెయ్యోవంతుల దాకా తక్కువగా ఉంచుతారు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 0.025 నుంచి 0.075 వరకు. గుండును లోపలికి నొక్కినప్పుడు ఆ కాస్త ఇత్తడీ సాగి, మళ్లీ ముడుచుకోవాలని చూస్తూ గుండును చుట్టూ బిగించి పట్టుకుంటుంది. చేతికి కాస్త ఇరుకైన గాజు ఎక్కించాక అది మళ్లీ ఊడిరాదు కదా, అదే సంగతి. దీన్ని నెక్ టెన్షన్ అంటారు. గుండు పొడవునా మెడ ఎంత మేర తాకుతుందో అంత మేరా ఈ పట్టు ఉంటుంది. క్రింప్ ఉండేది మెడ చిట్టచివరి అంచు దగ్గర, సన్నని ఒక గీత మేర. తలుపు గట్టిగా ఉన్నప్పుడే గడియకు విలువ. మెడ వదులైన తూటాకు క్రింప్ పెడితే బయటికి గట్టిగా కనిపిస్తుంది, అంతే.

క్రింప్‌లో మూడు పద్ధతులు ప్రధానం. కేస్ అంచును లోపలికి గుండ్రంగా మడిచేది రోల్ క్రింప్. స్టీలు గ్లాసు అంచు బయటికి మడిచి ఉంటుంది కదా, ఇది దానికి తిరగేసినట్టు. ఆ మడత కూర్చోవడానికి గుండు చుట్టూ ముందే ఒక గాడి ఉండాలి. వేట గుళ్ల మీద, సైనిక గుళ్ల మీద సన్నని గీతలతో కనిపించే పట్టీ అదే. అంచును మడవకుండా మెడ కొసను ఏటవాలుగా కొద్దిగా బిగించేది టేపర్ క్రింప్. మూడోది నాలుగు వైపులా చీలిన బిగింపుతో మెడను పక్కలనుంచి నొక్కేది. లీ కంపెనీ దీన్ని రైఫిల్ తూటాలకు ఫ్యాక్టరీ క్రింప్ డై పేరుతో అమ్ముతుంది (డై అంటే ప్రెస్‌లో బిగించే అచ్చు). పై నుంచి కిందికి తోసే డై భుజం మీద బరువు వేస్తుంది, పక్కలనుంచి నొక్కేది వేయదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, క్రింప్ వల్ల తూటాలు చెడిపోయిన సందర్భాలు తవ్వితే చాలావాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

బస్సులో నిలబడ్డ మనిషి, మ్యాగజైన్‌లో పడుకున్న తూటా

మెహదీపట్నం బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్లకు రైఫిల్ తన్ను గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. డ్రైవర్ ఒక్కసారి ముందుకు లాగిస్తే నిలబడ్డవాళ్లు వెనక్కి పడతారు. నిజానికి వాళ్లు పడలేదు, ఉన్నచోటే ఉన్నారు, కాళ్ల కింద బస్సు కదిలింది. రైఫిల్ పేలినప్పుడూ ఇదే జరుగుతుంది, దిక్కు మాత్రం తిరగబడుతుంది. రైఫిల్ వెనక్కి తంతుంది. లోపల వంతు కోసం ఎదురుచూస్తున్న తూటాలు ఉన్నచోటే ఉండాలని చూస్తాయి.

అవి పెట్టె మ్యాగజైన్‌లో, అంటే తూటాలు ఒకదానిమీద ఒకటి పేర్చే పెట్టెలో, ఉంటే, వెనక్కి వస్తున్న మ్యాగజైన్ ముందు గోడ వాటి మొనలను వచ్చి గుద్దుతుంది. దెబ్బ తగిలేది గుండు మొనకు కాబట్టి గుండు కేస్ లోపలికి నెట్టబడుతుంది. ఒక్కసారికి కాదు, మ్యాగజైన్ అడుగునున్న తూటా పైనున్నవాటన్నిటి పేలుళ్ల దెబ్బలూ తింటుంది. అదే జంట గొట్టాల రైఫిల్‌లో రెండో గొట్టంలోని తూటా పరిస్థితి తలకిందులు. దాని అడుగు అంచును రైఫిల్ పట్టుకుని వెనక్కి లాక్కుపోతుంది, ముందున్న గుండు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఫలితం, గుండు కేస్‌లోంచి బయటికి జారుతుంది. ఒకే తన్ను ఒకచోట గుండును లోపలికి తోస్తుంది, ఇంకోచోట బయటికి లాగుతుంది. రివాల్వర్ రెండో కోవలోకి వస్తుంది. బయటికి జారిన గుండు సిలిండర్‌కు అడ్డంపడి అది తిరగకుండా చేస్తుంది. రివాల్వర్ తూటాలకు రోల్ క్రింప్ దాదాపు నియమంలా మారింది అందుకే.

ఈ లాగుడు ఎంత ఉంటుందో లెక్క వేసి చూడవచ్చు. పెద్ద జంతువుల వేటకు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను తీసుకుందాం (ఇలాంటి అంకె గొట్టం బోరును సుమారుగా అంగుళాల్లో చెబుతుంది). గుండు బరువు 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాములకు పైమాటే. వేగం సెకనుకు 2,150 అడుగులు, దాదాపు 655 మీటర్లు. రైఫిల్ బరువు 5 కిలోలకు కాస్త తక్కువ అనుకుంటే, గుండు బయటపడేలోపే రైఫిల్ సెకనుకు 4 మీటర్లకు మించిన వేగంతో వెనక్కి వస్తుంది. గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యోవంతులు రెండు కూడా ఉండదు. అంత తక్కువ వ్యవధిలో అంత వేగం అందుకోవాలంటే పక్క గొట్టంలోని గుండును సగటున 8 కిలోల బరువు వేలాడదీసినంత బలం లాగుతుంది. పతాక స్థాయిలో అది ఇంకా ఎక్కువ. అదే 5 కిలోల పోటీ రైఫిల్‌లో .22 తూటా పేలితే రైఫిల్ సెకనుకు పావు మీటరు వేగం కూడా అందుకోదు. ఈ రెండింటికీ క్రింప్ గురించి ఒకే సలహా ఇవ్వడం, లగ్గు టూల్‌తో బోరు కేబుల్ బిగించమనడమే.

నైట్రో ఎక్స్‌ప్రెస్ ప్రస్తావన హైదరాబాద్‌కు పరాయిది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులి వేటగాడిగా పెద్ద పేరు. ఆ కాలపు షికార్లు రాజా దీన్‌దయాళ్ కెమెరాలో మిగిలాయి. ఆ తరం బ్రిటిష్ వేట రైఫిళ్ల చరిత్రను ఇండియా రెండుసార్లు మలుపు తిప్పింది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకీ సూడాన్‌లోకీ .450 బోరు రైఫిళ్ల దిగుమతిని ఆపేసింది, పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిల్ బోరు అదే కాబట్టి. లండన్ గన్‌మేకర్లు .465, .470, .475 అంటూ పక్క అంకెలు వెతుక్కున్నది ఆ దెబ్బతోనే. రెండోది ఎండ. అప్పటి మందు కార్డైట్, సేమ్యా పోగుల్లా ఉండేది. వేడికి దాని ఒత్తిడి బాగా పెరిగేది. లండన్ చలిలో పరీక్షించిన మోతాదు దక్కన్ మే నెలలో ప్రమాదం కాబట్టి ఉష్ణదేశాలకు మందు తగ్గించి వేరే తూటాలు చేసేవారు. ఆ తూటాలకు మెడ దగ్గర గట్టి క్రింప్ ఉండేది. మొదటి గుండు తగిలీ తగలని పులి మీదికి వస్తున్నప్పుడు రెండో గొట్టంలో గుండు జారి ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ అధ్యాయం ముగిసింది.

ట్రిగ్గర్ దగ్గరి లివరును ఆడించి తూటా ఎక్కించే లివర్ రైఫిల్ కష్టం మరో రకం. గొట్టం కింద ఇంకో గొట్టంలో తూటాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని అడుగున ఉండే ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది కాబట్టే వీటికి మొన చదునుగా ఉన్న గుళ్లు వాడతారు. స్ప్రింగ్ ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది, ప్రతి పేలుడుకూ వరస మొత్తం గుద్దుకుంటుంది. .30-30 లాంటి తూటాలకు క్రింప్ మానేయమని ఎవరూ చెప్పరు. దానంతటదే తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో తూటా విసురుగా చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక కొసన తూటా కూర్చునే గదిలోకి, వెళ్లి ఆగుతుంది. దారిలో మొన లోపలికి దారి చూపే ఏటవాలు ర్యాంపుకు తగిలితే గుండు లోపలికి పోవచ్చు, ఆగినప్పటి కుదుపుకు బయటికీ రావచ్చు. సైన్యం తూటాలకు క్రింప్‌తో పాటు మెడ లోపల తారు లాంటి పూత కూడా పూసేది ఇలాంటివన్నీ దృష్టిలో పెట్టుకునే. పూత వల్ల తేమ లోపలికి పోదు, పట్టూ కొంత పెరుగుతుంది. సైనిక కేస్‌ల అడుగున ప్రైమర్ చుట్టూ కనిపించే నొక్కు వేరే సంగతి. మెషీన్‌గన్‌లో ప్రైమర్ ఊడి యంత్రంలో పడకుండా చేసేది అది. పేరు అదే కావడంతో రెండింటినీ కలిపేయడం మామూలైపోయింది.

గడియలాంటి బోల్ట్‌ను చేత్తో వెనక్కీ ముందుకూ జరిపే బోల్ట్ రైఫిల్‌తో ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేవాళ్ల తూటాకు పై కష్టాల్లో ఏదీ లేదు. మామూలు తన్నున్న బోల్ట్ రైఫిల్‌లో, మెడ పట్టు సరిగా ఉంటే, పెట్టె మ్యాగజైన్‌తో కూడా క్రింప్ లేకుండా నిశ్చింతగా గడిచిపోతుంది. .375 దాటి పైకి పోతే ఆ నిశ్చింత కుదరదు.

లోపలికి జారితే ఏమవుతుంది

గుండు లోపలికి జారితే కేస్‌లో మందు మండే చోటు తగ్గుతుంది. అదే మందు, చిన్న గది. ఒత్తిడి పెరుగుతుంది. .308 విన్‌చెస్టర్ తూటాకు అమెరికా ప్రమాణం అనుమతించే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. కారు టైరులో ఉండేది 30 చిల్లర. అయితే ఇక్కడ భయాన్ని కొలత ప్రకారమే పెట్టుకోవాలి. పిస్టల్ తూటా చిన్నది, దాని మందు త్వరగా మండేది. అందులో గుండు ఒక మిల్లీమీటరు దిగినా ఒత్తిడి బాగా ఎగబాకుతుంది. పెద్ద రైఫిల్ కేస్‌లో చోటు చాలా ఉంటుంది కాబట్టి అంతే జారుడుకు అంత ప్రభావం ఉండదు. బయటికి జారడంలో ప్రమాదం వేరు: గుండు ముందుకొచ్చి, గొట్టం లోపల మెలికగా ఉండే రైఫ్లింగ్ గాడులకు తన్నుకుని కూర్చుంటే, పేలినప్పుడు కదలడానికి ముందే అడ్డు తగిలి ఒత్తిడి పెరుగుతుంది. కాల్చకుండా తూటా తీయబోతే కేస్ చేతికొచ్చి గుండు గొట్టంలోనే ఉండిపోయే సందర్భాలూ ఉన్నాయి. మందంతా రైఫిల్ లోపల ఒలికిపోతుంది. చూడటానికి నవ్వులాట, శుభ్రం చేసేవాడికి కాదు.

గట్టిగా నొక్కితే వదులవుతుంది

క్రింప్ ఎంత గట్టిగా ఉంటే అంత పట్టు అనుకోవడం సహజం. లోహాలకు ఆ తర్కం పట్టదు. ఇత్తడికి సాగే గుణం ఉంది, నొక్కి వదిలితే కొంత వెనక్కి వస్తుంది. గుండు లోపల ఉండేది చాలావరకు సీసం, మీద పల్చని రాగి పొర. సీసానికి ఆ గుణం లేదు, నొక్కితే నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది. మితిమీరి క్రింప్ చేస్తే గుండూ మెడా రెండూ కలిసి లోపలికి పోతాయి. డై తీయగానే ఇత్తడి కాస్త వెనక్కి వస్తుంది, గుండు రాదు. మధ్యలో సందు మిగులుతుంది. పట్టు పెంచాలని చేసిన పని ఉన్న పట్టును కూడా తినేస్తుంది. పైగా గుండు నడుం సన్నబడి గుండ్రనితనం పోతుంది. గాడి లేని గుండు మీద రోల్ క్రింప్ రుద్దితే జరిగేది ఇదే.

భుజం కథ దీనికి తోడు. పైనుంచి తోసే డైలో, అంచు ముడుచుకోవడానికి చోటు చాలక ఆ బలం భుజం మీద పడితే, అక్కడ కంటికి సరిగా ఆనని ఉబ్బు వస్తుంది. ఆ తూటా చాంబర్‌లోకి పోదు, లేదా బోల్ట్ బలవంతంగా మూస్తే ఇరుక్కుంటుంది. కేస్‌ల పొడవులో తేడా ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. .308 కేస్ గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, అంటే 51.18 మిల్లీమీటర్లు. కాల్చిన ప్రతిసారీ కేస్ కొద్దికొద్దిగా సాగుతుంది. ఒక పెట్టెలో కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి ఉంటే డైని ఒకచోట బిగించినా పొట్టివాటికి క్రింప్ తగలనే తగలదు, పొడుగువాటికి నలిగేంత పడుతుంది. "క్రింప్ వల్ల నా గురి చెడింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటి అసలు దోషి పొడవు సమానం చేయని కేస్‌లే. గుండు దింపడం, క్రింప్ చేయడం ఒకే డైలో ఒకే ఊపున చేస్తే ఇంకో తలనొప్పి. గుండు ఇంకా కిందికి దిగుతుండగానే అంచు దాన్ని కరిచి రాగి పొరను గీకుతుంది. రెండు పనులూ విడిగా చేయడం నిదానమే, కానీ మంచి అలవాటు.

ఇత్తడి వయసూ చూడాలి. పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు ఇది పాఠం చెప్పనవసరం లేని విషయం. రేకును సుత్తితో కొడుతూ పోతే కాసేపటికి గట్టిపడి మొరాయిస్తుంది, కాల్చి మెత్తబరిస్తే మళ్లీ మాట వింటుంది. కేస్ మెడకూ అంతే. పేలినప్పుడు సాగడం, డైలో ముడుచుకోవడం, మళ్లీ సాగడం, ఇలా నాలుగైదుసార్లు తిరిగాక మెడ గట్టిపడి గుండు మీద పట్టు ఒక్కో కేస్‌కు ఒక్కోలా మారుతుంది. చివరికి పగుళ్లు పడతాయి. దాన్ని ఎనీలింగ్‌తో, అంటే మెడను వేడిచేసి మెత్తబరచడంతో సరిచేస్తారు. వేడి కేస్ అడుగు భాగానికి పాకకూడదు, అక్కడ మెత్తబడితే ఒత్తిడిని ఆపేదే లేకుండా పోతుంది. పట్టులో ఎగుడుదిగుడులను క్రింప్‌తో కప్పిపుచ్చవచ్చనుకునేవాళ్లున్నారు. కప్పిపుచ్చినట్టు అనిపిస్తుంది కొన్నాళ్లు.

గురి గొడవ

క్రింప్ వల్ల గురి మెరుగవుతుందనేవాళ్ల వాదనలో సారం లేకపోలేదు. మందు అంటుకున్న తొలి క్షణంలో గుండు సులువుగా కదిలిపోకుండా క్రింప్ ఆపుతుంది. ఆ కాస్త అడ్డు వల్ల ఒత్తిడి ప్రతి తూటాలోనూ ఒకే తీరుగా లేచి, వేగాల్లో తేడా తగ్గుతుందని వాళ్ల మాట. నెమ్మదిగా మండే మందు, పెద్ద రివాల్వర్ తూటాల విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది. రైఫిల్ తూటాలో మెడ పట్టు పొడవు ఎక్కువ, గుండు రైఫ్లింగ్‌ను తాకేసరికి ఎదురయ్యే అడ్డు క్రింప్ కన్నా చాలా పెద్దది. అందుకని లాభం కొన్ని రైఫిళ్లలో కనిపిస్తుంది, కొన్నింటిలో కనిపించదు.

ఎదుటి పక్షానికి బలమైన సాక్ష్యం, రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీలు. ఒక అంగుళంలో చిన్న భాగం కోసం పోట్లాడే ఆ షూటర్లు క్రింప్ జోలికి పోరు. మెడ పట్టును అతి తక్కువగా ఉంచి, గుండును రైఫ్లింగ్‌కు తాకేలా కూడా కూర్చోబెడతారు. పోటీల కోసం చేసే మ్యాచ్ గుళ్లలో చాలావాటికి గాడే ఉండదు. గాడి చెక్కడమంటే గుండును ఒకసారి నొక్కడమేనని, అది లేకపోవడమే మేలని వాళ్ల లెక్క. అయితే బెంచ్‌రెస్ట్ షూటర్ తూటాను బల్ల మీంచి వేళ్లతో తీసి నేరుగా చాంబర్‌లో పెడతాడు. అతని తూటా బస్సెక్కదు, ఆటోలో వెళ్తుంది. అతని పద్ధతిని అడవిలో తిరిగే లివర్ రైఫిల్‌కు ఆదర్శంగా చూపడం న్యాయం కాదు.

పరీక్షలు చేసి నిరూపించామనే మాటల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. క్రింప్‌తో మూడు, లేకుండా మూడు కాల్చి కాగితం మీద చిల్లుల గుంపులు కొలిస్తే ఏదో ఒకటి చిన్నదిగానే వస్తుంది. మూడుసార్లు రూపాయి ఎగరేసి మూడూ బొమ్మే పడితే దోషం రూపాయిది కాదు. అదే పొడవున్న కేస్‌లు, అదే మందు, అదే రోజు, ఒకటి క్రింప్‌తో ఒకటి లేకుండా మార్చి మార్చి, ఒక్కో రకానికి ఇరవై ముప్ఫై అయినా కాలిస్తే గానీ మాట్లాడటానికి ఆధారం దొరకదు. అంత ఓపికతో చూసినవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒక్కటే: తేలిక క్రింప్ వల్ల పెద్ద తేడా లేదు, బరువు క్రింప్ వల్ల నష్టం. క్రింప్ తప్పనిసరి అయిన రైఫిల్‌కు ఇది శుభవార్తే. తేలికగా వేస్తే గురి పోయేదేమీ లేదు.

ఇక్కడి రేంజ్‌లో చేతికి తగిలే క్రింప్

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న షూటింగ్ రేంజ్‌లో రోజూ పేలే తూటాల్లో .22 లాంగ్ రైఫిల్ ముఖ్యం. గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తూటానే లేదు, సీసం పెల్లెట్ ఒక్కటే. ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్‌కు మాత్రం .22 తూటా కావాలి. 1887లో పుట్టిన ఈ తూటా నిర్మాణమే వేరు. ఆధునిక రైఫిల్ గుండు మొత్తం ఒకే లావులో మెడ లోపల కూర్చుంటే, .22లో గుండు బయట ఎంత లావో కేస్ బయటి నుంచి అంతే లావు. లోపలికి వెళ్లే మడమ భాగం మాత్రం సన్నగా ఉంటుంది. ఆ మడమను కేస్ అంచు కరిచి పట్టుకుంటుంది. అంటే .22లో క్రింప్ ఐచ్ఛికం కాదు, గుండు నిలిచేదే దాని మీద. ఒలింపిక్ షూటర్లు తమ తుపాకీకి ఏ బ్యాచ్ తూటా నప్పుతుందో పరీక్షించి ఆ బ్యాచే కొనుక్కునే పద్ధతి వెనకున్న కారణాల్లో ఈ కరిచిన పట్టు ఎంత ఏకరీతిగా ఉందన్నదీ ఒకటి. అడుగు అంచు మడతలోనే ప్రైమర్ మందు ఉంటుంది కాబట్టి ఈ కేస్‌ను మళ్లీ నింపే మాట ఎక్కడా ఉండదు.

షాట్‌గన్ తూటాలో క్రింప్ కంటికి నేరుగా కనిపిస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ కైనన్ చెనాయ్, గాల్లోకి విసిరిన మట్టి పళ్లాలను కాల్చే ట్రాప్ పోటీలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచినప్పుడు వాడినలాంటి 12 బోరు తూటాల మూతి చూడండి: ఆరో ఎనిమిదో మడతలు నక్షత్రంలా మధ్యకు చేరి ఉంటాయి. అది స్టార్ క్రింప్. పాత తూటాల్లో మీద అట్టముక్క పెట్టి అంచును దాని మీదికి చుట్టేవాళ్లు, అది రోల్ క్రింప్. గుళ్ల గుంపు చెదరకుండా, మందుకు తొలి క్షణంలో తగిన అడ్డు దొరికేలా చూసేది ఈ మడతే.

ఇక్కడ పాతబస్తీ నుంచి బంజారాహిల్స్ దాకా తాతల కాలపు తుపాకీలున్న ఇళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. షాట్‌గన్ తూటా మీద 70 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే అది మడత విప్పుకున్న తర్వాతి పొడవు. పేలకముందు మడత వల్ల దాదాపు ఒక సెంటీమీటరు పొట్టిగా ఉంటుంది. పాత ఇంగ్లిష్ జంట గొట్టాల తుపాకులు చాలావాటి చాంబర్ రెండున్నర అంగుళాలు, అంటే 63.5 మిల్లీమీటర్లు. 70 తూటా అందులో హాయిగా పడుతుంది, మూత కూడా పడుతుంది. పేలినప్పుడు క్రింప్ విప్పుకోవడానికి చోటు చాలదు. మూతి గొట్టం ఇరుకులోకి చొచ్చుకుపోయి గుళ్ల దారిని బిగిస్తుంది, ఒత్తిడి లేస్తుంది. లోపల పట్టింది కదా అని కాల్చేయడం ఎందుకు తప్పో ఈ మడతే చెబుతుంది. చాంబర్ పొడవు గొట్టం కింద ముద్రల్లో ఉంటుంది. ముద్ర అరిగిపోతే గన్‌స్మిత్‌తో కొలిపించాలి.

సెంటర్‌ఫైర్ రైఫిల్ (ప్రైమర్ కేస్ అడుగున మధ్యలో ఉండే తూటాలు కాల్చేది) లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర కనిపించేవాటిలో ఒకటి .315. సైనిక బోరు .303 పౌరులకు అందకూడదన్న బ్రిటిష్ పట్టుదల మిగిల్చిన వారసత్వం అది. అసలు ఆస్ట్రియా మాన్‌లిషర్ తూటా, మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల చేతిలో దేశవాళీ అయిపోయింది. ఇలాంటి తూటా పట్టు నిలుస్తోందా లేదా తెలుసుకోవడానికి ప్రెస్సూ డైలూ అక్కర్లేదు. రాణిగంజ్‌లో దొరికే వెర్నియర్ కాలిపర్ చాలు. మ్యాగజైన్‌లో అడుగున పెట్టే తూటా పొడవు ముందే కొలిచి రాసుకోవాలి. లైసెన్స్ ఉన్న రేంజ్‌లో పైవన్నీ కాల్చాక, ఆ అడుగుదాన్ని కాల్చకుండా తీసి మళ్లీ కొలవాలి. అంకె మారకపోతే ఆ రైఫిల్‌కు ఆ తూటా పట్టు సరిపోయినట్టే. మారితే ఆ తూటాను కాల్చకుండా పక్కన పెట్టి, మిగతా పెట్టెను కొన్న డీలర్‌కు చూపించడం మంచిది.